పొట్టు సాక్ష్యం

ఉదయగిరిలో సుజనకు ఉన్న ఒకే ఒక్క కష్టం, చెప్పుకోదగ్గ కష్టం ఏదీ లేకపోవడం.

వినేవాళ్లకు ఒళ్లు మండుతుంది గానీ నిజం అదే. వాళ్ల చర్చిలో ప్రతి ఆదివారం పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమ ఇంట్లో చేసిన మేలును ఎవరికి వాళ్లు లేచి మైకులో చెప్పాలి. లిదియమ్మ లేచిందంటే, ఆమె కడుపులో గడ్డ కత్తి పడకుండానే కరిగిపోయిన వైనం. సంఘపెద్ద ఎడ్విన్ లేచాడంటే, మర్రిపాడు దగ్గర లారీ బోల్తా పడినా తనకు గీత కూడా పడని వైనం. ఏళ్ల తరబడి చెబుతున్నాడేమో, ఆ లారీ ఏటికేడు ఒక పల్టీ ఎక్కువ కొడుతోంది. సుజన మాత్రం ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చుని, అందరి మేళ్లకూ స్తోత్రం, స్తోత్రం అంటూ ఉండాల్సిందే. మొగుడు హెన్రీ ఆర్టీసీలో కండక్టరు, చుక్క ముట్టడు. కూతురు షైనీ పదో తరగతి, ఒకరి చేత మాట పడే పిల్ల కాదు. అత్తపోరు లేదు. ఇంత సుఖంలో మనిషి ఏమని సాక్ష్యం చెబుతుంది?

అలాంటి రోజుల్లో షైనీకి రక్తం తగ్గింది.

షైనీ ఖోఖో ఆడుతుంది. ఆడుతుందంటే ఊరికే ఆడటం కాదు, ఆ పిల్లను అంటుకోవాలని వెంటపడిన పిల్లలు నడుం పట్టుకుని మట్టిలో కూలబడేవాళ్లు. జిల్లా జట్టులో పేరొచ్చింది. దసరా సెలవుల తర్వాత రాష్ట్ర పోటీలకు ముందు కాంపు. కాంపుకు పోవాలంటే డాక్టరు సంతకం పెట్టిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలన్నాడు పీఈటీ సారు భరత్. షైనీకి ఆ కాంపు తప్ప వేరే లోకం లేదు. అన్నం తింటూ కూడా కాళ్లు కదిలిస్తూనే ఉండేది.

ఆత్మకూరులో డాక్టరు చాందిని దగ్గరికి తీసుకుపోతే రక్తం పరీక్ష చేయించింది. హిమోగ్లోబిన్ తొమ్మిది.

"ఈ వయసు పిల్లకి పన్నెండు ఉండాలమ్మా. కనీసం పదకొండన్నా రానీండి, సంతకం పెడతాను. పరిగెత్తే పిల్ల, గ్రౌండులో పడిపోతే నేనేం చెప్పుకోవాలి?" అంది డాక్టరు. ఇనుము మాత్రలు రాసింది. "వీటికి కొందరికి కడుపు బిగుసుకుంటుంది. పీచు ఉండేవి బాగా తినిపించండి" అని కూడా చెప్పింది.

ఆ చివరి మాటే సుజన కొంగున కట్టుకుంది.

డాక్టరు చెప్పినట్టే మాత్రలు మొదలుపెట్టిన వారానికే షైనీకి కడుపు బిగుసుకుంది. పొద్దున దొడ్డికి పోయిన పిల్ల బడి గంట కొట్టినా రాదు. వచ్చినా, పోయినప్పటి మొహంతోనే వస్తుంది. పీచు తినిపించమన్నారు కదా. డాక్టరు మనసులో ఉన్నది గోరుచిక్కుడు, తోటకూర, జామకాయ. అవి సుజనకు పీచులా కనపడలేదు. రోజూ వండేవాటిలో ఏం మహత్యం ఉంటుంది? ఫోనులో తెల్లకోటు వేసుకున్న ఒకాయన, డాక్టరో కాదో ఆ కోటుకే తెలియాలి, లోకంలోని రోగాలన్నిటికీ పీచు పొడి తాగకపోవడమే కారణమని గంటసేపు చెప్పాడు. సుజన గంటా విన్నది. విని, సంచి పట్టుకుని పెంచలనరసింహం పిండి మిల్లుకు పోయింది.

"గోధుమ పొట్టా? గేదెను కొన్నారా ఏందమ్మా?" అన్నాడు పెంచలనరసింహం.

"మా పాపకు" అంది సుజన. పెంచలనరసింహం షాపులో పుట్టి పెరిగినవాడు, గిరాకీని ఎదురు ప్రశ్నలు అడగడు. సంచి నింపాడు.

ఆ పొట్టును పెనం మీద కొంచెం వెచ్చబెట్టి, వాము కలిపి, పొడి చేసి సీసాకెత్తింది. రెండు చెంచాలు గోరువెచ్చని నీళ్లలో కలిపి, మాత్ర చేతిలో పెట్టి, ఆ నీళ్లతోనే మింగించేది. రెండూ కలిపి ఎందుకని హెన్రీ అడిగాడు. అడిగినవాడు కండక్టరు కాబట్టి ఆమె అతని భాషలోనే చెప్పింది.

"మాత్ర ముందు బస్సులో పోయి, పొట్టు వెనక బస్సులో పోతే యాడ కలుసుకుంటాయి? ఈలోపల ఆ మాత్ర చెయ్యాల్సిన పాడు చేసేస్తాది. రెండింటినీ ఒకే బస్సు ఎక్కిస్తే సరి."

హెన్రీకి ఈ వాదనలో తప్పు దొరకలేదు. మూడో రోజుకు షైనీ నవ్వుతూ దొడ్లోంచి వచ్చింది.

ఇంకేముంది. ఆ ఆదివారం సాక్ష్యాల సమయానికి సుజన చెంగు సర్దుకుని లేచింది. మైకు అందుకుంది. బిడ్డ పడ్డ బాధ చెప్పింది, తాను కార్చిన కన్నీళ్లు చెప్పింది. కార్చనివి కూడా కొన్ని చేరాయి. మిల్లులో గేదెలకు పోయే పొట్టును దేవుడు తనకు చూపించడం చెప్పింది, దాన్ని మాత్రతో కలిపి ఎట్లా మింగించాలో చెప్పింది. "విసిరేసిన దాంట్లోనే దేవుడు ఔషధం పెట్టినాడు" అంది. చర్చి మొత్తం స్తోత్రం అన్నది. లిదియమ్మ గడ్డకు కూడా అంత గట్టిగా అనలేదు. చాప మీదికొచ్చి కూర్చుంటే సుజనకు చెవుల్లో వేడి తగ్గడానికి ప్రసంగం సగమైంది. పాస్టరుగారు ఏ వాక్యం చదివారో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

బయటికి రాగానే ఆడవాళ్లు చుట్టుముట్టారు. మా వాడికీ అదే బాధమ్మా. మా పిల్ల పిజ్జాలు తిని తిని గట్టిపడిపోయిందక్కా. ఆ వారం సుజన వంటింట్లో పొయ్యి ఆరలేదు. సీసాలు ఊరంతా తిరిగాయి. జలదంకిలో ఉండే లిదియమ్మ కూతురి దాకా ఒకటి పోయింది. పెంచలనరసింహం మిల్లు దగ్గర గేదెలవాళ్లు వచ్చి పొట్టు లేదని తిట్టుకుంటూ పోయేవాళ్లు. సుజన వీధిలో పోతుంటే మనుషులు ఆగి వందనాలమ్మా అనేవాళ్లు. ఆడమనిషికి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి.

మళ్లీ ఆత్మకూరు పోయారు. పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తొమ్మిది. కదల్లేదు, మెదల్లేదు.

డాక్టరు కాగితం వైపు చూసింది, షైనీ వైపు చూసింది. "మాత్ర రోజూ వేసుకుంటున్నావా?"

"వేసుకుంటా ఉండా మేడం."

"చాలామంది పిల్లలు నోట్లో పెట్టుకుని, అవతలికి పోయి ఉమ్మేస్తారమ్మా. మీ ఎదురుగా మింగించండి. పూటకొకటి, రెండు పూటలా" అంది సుజనతో. ఇంకేమన్నా మందులు వాడుతున్నారా అని కూడా అడిగింది. లేదంది సుజన. ఆమె దృష్టిలో అబద్ధం కాదు. పొట్టు మందెట్లా అవుతుంది, అది దేవుడు చూపించింది కదా.

ఇంటికొచ్చాక రెండు పూటలా మాత్ర, రెండు పూటలా పొట్టు. మాత్ర పెరిగితే కడుపు బిగిసింది. కడుపు బిగిస్తే పొట్టు పెరిగింది. రెండు చెంచాలు మూడయ్యాయి, మూడు నాలుగయ్యాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా పెద్దలు? అంత పొట్టు తాగి కూడా పిల్ల మొహం పాలిపోతూనే ఉంది. మెట్లెక్కితే ఆగి ఆయాసం తీర్చుకుంటోంది. కాళ్లు లాగుతున్నాయని రాత్రుళ్లు మూలుగుతోంది.

డాక్టరు అన్న మాట సుజన మనసులో ముల్లులా ఉండిపోయింది. మాత్ర చెడ్డది కాదు, డాక్టరు చదువుకున్నది, పొట్టు దేవుడిచ్చింది. ఇంక మిగిలింది ఎవరు? పిల్లే.

ఒక సాయంత్రం వంటింట్లో షైనీ మాత్ర మింగగానే, "నోరు తెరువు" అంది సుజన.

షైనీ తెరిచింది.

"నాలుక పైకెత్తు. బుగ్గలు చూపించు." వేలు పెట్టి వెతికింది. ఏమీ లేదు. లేకపోయేసరికి ఇంకా కోపమొచ్చింది. "యాడ పారేస్తా ఉండావే? నాకు తెలవదనుకున్నావా? దొడ్లోనా, బడిలోనా?"

"నిజంగా మింగినానమ్మా."

"మింగితే రక్తమెందుకు ఎక్కదు? మీ నాయన ఎండలో తిరిగి తెచ్చిన డబ్బుతో కొన్న మాత్రలు పారేసేదానివి నువ్వు దొంగవి కాక ఇంకేంది? దొంగముండా."

ఆ మాట అన్నాక సుజనకే నోరు చేదుగా అనిపించింది. కానీ నోరు జారితే తీసుకోలేం కదా. షైనీ ఏడవలేదు. గ్లాసులో అడుగున మిగిలిన పొట్టు కూడా తాగేసి, గ్లాసు కడిగి బోర్లించి పోయింది. మర్నాడు పొద్దున సుజన మునగచెట్టు కింద, మురిక్కాలవ గట్టున, మాత్రల కోసం పుల్ల పెట్టి గెలికి చూసింది. ఒక్కటీ దొరకలేదు. పిల్ల తెలివిమీరిందనుకుంది. అప్పటినుంచీ ప్రతి పూటా మాత్ర మింగగానే షైనీ అడక్కుండానే నోరు తెరిచి నిలబడేది. సుజన చూసేది.

కాంపు దగ్గర పడింది. చివరిసారి ఆత్మకూరు బయలుదేరేటప్పుడు సుజన కొత్త సీసా నిండా పొట్టు పొడి పోసి, మూతకు గుడ్డ కట్టి, సంచిలో పెట్టుకుంది. డాక్టరమ్మకు కానుక. ఊరి రోగాలన్నీ చూసే మనిషికి ఈ సాక్ష్యం చేరకపోతే ఎట్లా?

పరీక్ష కాగితం వచ్చింది. ఎనిమిదిన్నర.

డాక్టరు ఆ అంకె చూస్తూ ఆలోచిస్తుంటే, సుజన సీసా తీసి బల్ల మీద పెట్టింది. "మీ మాత్రలు మంచివే గానీ మేడం, కడుపు బిగబట్టేస్తాయి. వచ్చిన వాళ్లందరికీ ఇది చెప్పండి. మా ఊర్లో అందరూ వాడతా ఉండారు."

డాక్టరు మూత తీసి వాసన చూసింది. "ఏంటిది?"

"గోధుమ పొట్టు. వట్టి పొట్టే, కల్తీ లేదు."

"పాప కూడా తాగుతోందా? ఎప్పుడు?"

"మాత్రతోనే" అంది సుజన గర్వంగా. "ఆ నీళ్లతోనే మింగిస్తాను. ఒక్క పూట కూడా తప్పించలేదు."

డాక్టరు చాందిని పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడి ఉంటే సుజనకు కాస్త తేలికగా ఉండేది. నిదానంగా, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పింది. పచ్చి పొట్టులో ఫైటేట్లని ఉంటాయి. అవి కడుపులో ఇనుమును, జింకును, కాల్షియాన్ని గట్టిగా పట్టుకుంటాయి. పట్టుకుంటే ఒంటికి ఎక్కనివ్వవు, వెంట తీసుకుపోతాయి. ఎదిగే వయసులో ఒంటికి అవే ఎక్కువ కావాలి. పీచు చెడ్డదని కాదు. కూరగాయల్లో, పండ్లలో వచ్చే పీచుతో బాధ లేదు, కొన్ని రకాల పీచు అయితే పిల్లల్లో కాల్షియం ఇంకా బాగా పట్టేలా చేస్తుందని కూడా అంటారు. కానీ ఇట్లా వట్టి పొట్టు, చెంచాలకు చెంచాలు, అదీ ఇనుము మాత్రతో కలిపి పోస్తే...

"మాత్ర నిమ్మకాయ నీళ్లతో వెయ్యండి. ఇది ఆపేయండి. మెల్లగా ఎక్కుతుంది" అంది.

"అయితే సంతకం?" అని అడిగింది షైనీ. ఆ రోజు ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు.

"ఇప్పుడు పెట్టలేనమ్మా. ఎనిమిదిన్నరతో నిన్ను పరిగెత్తించలేను." తర్వాత డాక్టరు సుజన వైపు తిరిగి, "పాప రోజూ మింగింది. మీరు ఊరికే అనుమానపడకండి, మొదట నేనే తప్పుగా అనుకున్నాను" అంది. ఎంత చదువుకున్న మనిషి! ఒక్క క్షణంలో ఒప్పేసుకుంది. సుజన బల్ల మీది సీసాను మళ్లీ సంచిలో పెట్టుకుంది.

వెనక్కి వచ్చిన బస్సు హెన్రీ డ్యూటీ చేసే బస్సే. టిక్కెట్లు కొట్టడం అయ్యాక వాళ్ల సీటు దగ్గర నిలబడి సంగతంతా విన్నాడు. కాసేపు కడ్డీ పట్టుకుని ఊగాడు.

"అంటే మాత్ర బస్సెక్కింది గానీ దిగాల్సిన స్టాపులో దిగలేదు. పొట్టు చెయ్యి పట్టుకుని డిపో దాకా తీసకపోయింది" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు పాపం. షైనీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

షైనీ స్థానంలో వింజమూరు పిల్లను తీసుకున్నారు. కాంపుకు పోయే పిల్లలు ఎక్కిన బస్సు కూడా హెన్రీదే అయింది. వాళ్లకు టిక్కెట్లు కొట్టి ఇంటికొచ్చి, అన్నం వద్దని పడుకున్నాడు.

పిల్లకు పొట్టు ఆగిపోయింది గానీ ఊళ్లో సీసాలు ఆగలేదు. ఎదిగే పిల్లలు ఇంటికొకరు తాగుతున్నారు. బడిలో ప్రతి గురువారం ఇచ్చే ఇనుము మాత్రను ఇంటికి తెప్పించుకుని, ఆ తల్లులు కూడా రెండింటినీ ఒకే బస్సు ఎక్కిస్తున్నారు. అట్లాగే చెయ్యమని మైకులో చెప్పింది ఎవరు మరి? సుజన శనివారం ఎడ్విన్ ఇంటికి పోయి సంగతి చెప్పింది. రేపు సాక్ష్యం మార్చి చెబుతానంది.

ఎడ్విన్ కళ్లజోడు తీశాడు. "సాక్ష్యమంటే దేవుని మహిమకు చెప్పేది సుజనమ్మా. మార్చి చెబితే ఏమయితాది? ఇంగ అందరి సాక్ష్యాల మీదా అనుమానమొస్తాది. ఒక్కొక్కరికీ మెల్లంగా చెవిలో చెప్పుకుంటా పో."

పల్టీల లారీ గుర్తొచ్చి సుజనకు నవ్వొచ్చింది, అంత బాధలో కూడా.

చెవిలో చెప్పడం ఆమెకు చేతకాలేదు. ఆదివారం లేచి మైకు తీసుకుంది. పొట్టు దేవుడు చూపించలేదని, ఫోను చూపించిందని చెప్పింది. పిల్లలకు మాత్రతో కలిపి పొయ్యొద్దని చెప్పింది. "నా బిడ్డ కాంపు పోగొట్టింది నేను. మాత్రలు పారేస్తా ఉండాదని నా బిడ్డను దొంగ అన్నాను. అది దొంగ కాదు, నేనే..." మైకు కింద పెట్టేసింది.

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. చర్చి మొత్తం ఒకరి మొహం ఒకరు చూసుకుంది. చివరికి చెవుడున్న శీనమ్మ అవ్వ, ఎవరో కూర్చున్నారు కాబట్టి సాక్ష్యం అయిపోయిందనుకుని, స్తోత్రం అంది. అందరూ బతికామనుకుని పాట ఎత్తుకున్నారు.

రాళ్లు పడతాయనుకుంది సుజన. బయటికొస్తే లిదియమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎంత బాగా చెప్పినావు సుజనా, నాకు ఏడుపొచ్చేసింది. అది సరే గానీ, మాత్ర ఆపేస్తే పొట్టు తాగొచ్చు గదా? నాకైతే అది లేకపోతే పొద్దున కాదమ్మా. ఇంకో సీసా ఉంటే ఇయ్యి." వెనక ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఒకామె నిమ్మకాయల సాక్ష్యం ఎప్పుడు చెబుతావని అడిగింది. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగింది.

షైనీ ఎవరి కోసమూ ఆగకుండా ముందే నడిచి వెళ్లిపోయింది.

ఇంటికి చేరేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతోంది. సుజన చీర కూడా మార్చుకోకుండా గడపలో నిలబడింది. అంతమందిలో చెప్పాను కదా, పిల్ల మనసు కరిగి ఉంటుందనుకుంది.

"విన్నావు గదా, అందరి ముందరా చెప్పేసినాను" అంది.

షైనీ తలెత్తలేదు. "విన్నాను. దేవుడికి చెప్పినావు, లిదియమ్మకి చెప్పినావు, శీనమ్మవ్వకి చెప్పినావు." ఒక కాయ ఈనె తీసి పక్కన పడేసింది. "నన్ను దొంగ అన్నప్పుడు మైకు లేదు గదమ్మా. ఈడనే అన్నావు."

బయట మంచం మీద బూట్లు విప్పుతున్న హెన్రీ ఆగిపోయాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు" అని గొణిగి, తనను ఎవరూ అడగలేదని గుర్తొచ్చి, రెండో బూటు విప్పడానికి వీధిలోకి పోయాడు.

సుజన నేల మీద కూర్చుంది. చర్చిలో అంతమంది ముందు దొరికిన మాటలు ఇక్కడ ఒక్కటి కూడా దొరకడం లేదు. ఎదురుగా ఉన్నది ఒక్క మనిషి. తను కన్న మనిషి. ఒక కాయ తీసుకుంది, తుంచకుండా చేతిలో తిప్పింది. బిడ్డ మెడ దగ్గర ఎముకలు కనపడుతున్నాయి. ఈ బిడ్డ బాగు కోసమే కదా ఇంత చేసిందీ అనుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూపించి తప్పించుకోవచ్చునని కూడా అనిపించింది, అందుకే తుడిచేసుకుంది.

"తప్పు నాది షైనీ" అంది చివరికి. "నువ్వు ఒక్క మాత్ర కూడా పారెయ్యలేదు."

"నాకు తెలుసు" అంది షైనీ. "మింగింది నేనే గదా."